బైబిలు కాలేజీలో ఉండగానే అందుకోవలసినవి

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు వేదాంత కళాశాలలో మొదటి సంవత్సరం. మిగతా పేపర్లు ఎలాగో నెట్టుకొస్తున్నాను గానీ క్రొత్త నిబంధన మూలభాష గ్రీకు దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే గ్రీకు వస్తుందని మా గదిలోవాళ్లు అంటున్నారు. పాస్ మార్కులు తెచ్చుకుని వదిలేస్తే పోదా? రేపు సంఘంలో ప్రసంగానికి గ్రీకు ఎందుకు?

జవాబు: వదలొద్దు. ప్రసంగం చెయ్యడం సంఘంలో అడుగుపెట్టాక వారం వారం అలవాటవుతుంది. గ్రీకు అలా కాదు. పక్కన కూర్చోబెట్టుకుని తప్పు దిద్దే మనిషి కాలేజీ గేటు దాటాక దొరకడు. ఇక ఇంగ్లీషు మాటంటారా, మీ గదిలోవాళ్లు తలకిందులుగా చెప్పారు. గ్రీకుకు చాలా విషయాల్లో ఇంగ్లీషు కంటే తెలుగే దగ్గర.

అక్షరాలు చూడండి. మొత్తం 24. పొట్టి ఎ, పొడుగు ఏ గ్రీకులో వేర్వేరు అక్షరాలు. ఒ, ఓ కూడా అంతే. మనం ఈ తేడా పలక మీదే దిద్దుకున్నాం. యోహాను సువార్త మొదలు ‘ఎన్ అర్ఖే ఏన్ హొ లొగొస్’, అంటే ఆదియందు వాక్యముండెను. ఇందులో ‘ఎన్’ అంటే ‘లో’, ‘ఏన్’ అంటే ‘ఉండెను’. ఇంగ్లీషు లిపిలో రాసుకుంటే రెండూ ఒకేలా కనబడి తికమక పెడతాయి. ఉచ్చారణ రాసుకోవాలంటే తెలుగులోనే రాసుకోండి, అదీ మొదటి పదిహేను రోజులే. ఆ తర్వాత కూడా రాసుకుంటూ పోతే కన్ను తెలుగు మీదికే పోతుంది, గ్రీకు చదవడం ఎప్పటికీ రాదు.

మొదటి నెలలో తప్పులు ఎక్కువగా మూడు అక్షరాల దగ్గరే వస్తాయి. ‘రో’ చూడ్డానికి ఇంగ్లీషు పి లా, చిన్న ‘న్యూ’ వి లా, చిన్న ‘ఈటా’ ఎన్ లా ఉంటాయి. ఈ మూడింటినీ పైకి పలుకుతూ వారం పాటు రోజుకు ఇరవైసార్లు రాయండి.

తర్వాత విభక్తులు. లొగొస్ వాక్యము, లొగూ వాక్యము యొక్క, లొగో వాక్యమునకు, లొగొన్ వాక్యమును. మనకు ప్రత్యయం మాట చివర చేరినట్టే వాళ్లకూ చివరే మారుతుంది. అందుకే మాటల వరస అటూ ఇటూ అయినా అర్థం చెడదు. ‘రాముణ్ణి చూశాడు కృష్ణుడు’ అన్నా ఎవరు ఎవర్ని చూశారో మనకు తెలిసిపోయినట్టే. క్రియ కూడా మన దారిలోనే నడుస్తుంది. ‘విప్పుతాను’లో ‘నేను’ ఇమిడి ఉన్నట్టు ‘లూఓ’లోనూ ఉంది. వ్యాకరణ పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా పట్టికలో ప్రతి రూపం పక్కనా తెలుగు రూపం పెన్సిల్‌తో రాసుకోండి. గ్రీకును ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి తెలుగులోకి తిప్పుకోవడం వల్లే సగం మంది అలిసిపోతారు.

ఇక పదాలు. క్రొత్త నిబంధనలో సుమారు 5,400 వేర్వేరు పదాలున్నాయి. అవన్నీ చూసి బెదరక్కర్లేదు. 50 సార్లు, అంతకుమించి వచ్చేవి 310 పైచిలుకే. మొత్తం పాఠంలో దాదాపు 80 శాతం అవే. రోజుకు ఐదు చొప్పున, ఆదివారం వదిలేసినా, పదకొండు వారాల్లో అయిపోతాయి. ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి చింపితే ఎనిమిది చీటీలు. నలభై కాగితాలు సరిపోతాయి. పల్చటి కాగితమైతే వెనక రాసింది ముందుకు కనబడి మోసం చేస్తుంది కాబట్టి దళసరిది తీసుకోండి. పాత శుభలేఖల వెనక వైపు కూడా పనికొస్తుంది. ముందు గ్రీకు మాట మాత్రమే రాయాలి. వెనక తెలుగు అర్థం, అది వచ్చే ఒక వచనం. చీటీల్ని మూడు కట్టలుగా ఉంచండి: కొత్తవి, తడబడేవి, వచ్చినవి. వచ్చిన కట్టను శనివారం తిరగెయ్యకపోతే నెలకల్లా అదీ తడబడే కట్టలో చేరుతుంది.

గ్రీకు వరస కింద అర్థం వరస ఉండే బైబిలు వాడేటప్పుడు కింది వరసను ఓ కార్డుతో కప్పి చదవండి. ఫోన్‌లో స్ట్రాంగ్ నంబరు (నిఘంటువులో ఒక్కో మూల పదానికి ఇచ్చిన నంబరు) నొక్కి అక్కడున్న అర్థాలన్నీ ఒకే వచనంలో కుమ్మరించే అలవాటు మాత్రం చేసుకోవద్దు. ‘పట్టుచీర’లో పట్టుదల వెతకం కదా.

ప్రసంగానికి ఎందుకన్నారు. మార్కు 4:38 తీయండి. తుపానులో శిష్యులు యేసును లేపి ‘మేము నశించిపోవుచున్నాము; నీకు చింతలేదా’ అంటారు. ‘మేము నశించిపోవుచున్నాము’ అన్నదానికి గ్రీకులో ఉన్నది ‘అపొల్లుమెథా’ అన్న ఒక్క మాట. అందులో మేము, మనము అన్న తేడా లేదు. ఆ భాషకు ఆ తేడాయే లేదు. ‘మేము’ అని తేల్చింది తెలుగు అనువాదకులు. ‘మనము’ అని ఉంటే యేసు కూడా ఆ మునిగే పడవలోని మనిషే అవుతాడు. రెండింటిలో ఏది సరి, ఎందుకు? ఇంగ్లీషు బైబిలు చదివేవారికి ఈ ప్రశ్నే తట్టదు. గ్రీకు తెలిసిన తెలుగువాడికి తడుతుంది. కొత్తపట్నం తీరంలో పడవల మీద బతికే సంఘం ముందు నిలబడి ఈ మాట విప్పి చెప్పండి, గ్రీకు ఎందుకో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి బైబిలు కాలేజీలో చేరతానంటున్నాడు. ఒక్కో కాలేజీ ఒక్కో పేరుతో డిగ్రీ ఇస్తోంది. ఏది చెల్లుతుంది?

జవాబు: ఫీజు కట్టకముందు రెండు పనులు చెయ్యండి. మొదట మీ సంఘం పెద్దల దగ్గరికి వెళ్లి, పాస్టరుగా అభిషేకానికి ఏ డిగ్రీ అడుగుతారో తెలుసుకోండి. ఆ తర్వాత ఆ డిగ్రీ ఎవరి పేరు మీద వస్తుందో కాలేజీ నుంచి కాగితం మీద రాయించుకోండి. పశ్చిమ బెంగాల్‌లోని సేరంపూర్ కళాశాల సెనేట్‌కు అనుబంధమైన కాలేజీలో చదివితే పట్టా సేరంపూర్‌దే. 1818లో మొదలైన ఆ కళాశాలకు డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు పత్రంతో వచ్చింది. ఆసియా థియలాజికల్ అసోసియేషన్ పద్ధతి వేరు. అది కాలేజీ ప్రమాణాలను పరిశీలించి గుర్తిస్తుంది, పట్టా కాలేజీయే ఇస్తుంది. రెండూ ఒకటేనని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఏ కోర్సుకు గుర్తింపు ఉందో విడిగా అడగండి. డిప్లొమాకు ఉన్న గుర్తింపు డిగ్రీకి ఉందనుకుని చేరి, చివరి ఏడాదిలో బాధపడేవాళ్లున్నారు.

ప్రశ్న: ఒంగోలు దగ్గర పల్లె మాది. సంఘ చరిత్ర పేపరుకు ‘మా ఊరి సంఘం’ మీద 20 పేజీలు రాయమన్నారు. నెట్‌లో క్లౌ దొరగారి గురించి చాలా ఉంది. దాంతో సరిపెట్టనా?

జవాబు: అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ 1866లో ఒంగోలు రావడం, 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించడం, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఇదంతా మీ తరగతిలో అందరూ రాస్తారు. దానికి రెండు పేజీలు చాలు. మిగతా పద్దెనిమిదీ మీ ఊరివే కావాలి.

లైబ్రరీలో పుస్తకాల వర్గీకరణ నంబరు 266 కింద మిషన్లు, 275.4 కింద భారత సంఘ చరిత్ర ఉంటాయి. మిషన్ వార్షిక నివేదికలుంటే ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని ఏడాది, పేజీతో సహా నోట్సు రాసుకోవాలి. ఆ నివేదికల కాలంలో మీ ఊరు ఏ జిల్లా కింద ఉండేదో ముందు తేల్చుకోండి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు, 1970 నుంచి ఇప్పటి ప్రకాశం జిల్లా. ఇది తెలియక ‘మా ఊరి ఊసే లేదు’ అని పుస్తకం మూసేస్తారు.

ఆపైన ఊరికి వెళ్లండి. బాప్తిస్మపు, పెళ్లిళ్ల రిజిస్టర్లు బయటికి తేవద్దు. పెద్దల అనుమతితో అక్కడే ఫొటోలు తీసుకోండి. వయసు మళ్లినవాళ్లను సంవత్సరం అడిగితే తప్పు చెబుతారు. ‘77 ఉప్పెనకు ముందా, తర్వాతా?’ అని అడగండి, సరిగ్గా చెబుతారు. గంటకు మించి కూర్చోబెట్టొద్దు. రికార్డు చేసింది అదే రాత్రి కాగితం మీద పెట్టండి. వారం ఆగితే ఏ గొంతు ఎవరిదో మీకే తెలియదు.

ఒక్క సంగతి దాచకుండా రాయండి. ఆనాడు సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు దొరకంటే ముందే ఊళ్లు తిరిగి సువార్త చెప్పారు. ‘పేదలు’ అని ఒక్క మాటతో తేల్చేస్తే వాళ్ల పేర్లు పోతాయి. రిజిస్టరులో ఎలా రాసి ఉంటే అలాగే దించండి.

మూడు ప్రతులు తీయించండి. ఒకటి అధ్యాపకుడికి, ఒకటి లైబ్రరీకి. మూడోది మీ గుడిలో ఆ రిజిస్టరు ఉన్న బీరువాలోనే పెట్టమని పెద్దలకు ఇవ్వండి.