ముందు పడవ టైము చూసుకోండి, హోటల్ సంగతి తర్వాత

ప్రశ్న: ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్తున్నాం. నేను, మావారు, ఏడేళ్ల బాబు, మా అత్తగారు. మొత్తం ఐదు రాత్రులు. దగ్గర్లో ఏదైనా ద్వీపం కూడా చూడాలని ఉంది. ఫుకెట్ అంటే మళ్లీ ఫ్లైటు, మళ్లీ ఖర్చు. కో సమెట్ బాగుంటుందని మా తోటికోడలు చెప్పింది. మొదటి రెండు రాత్రులు బ్యాంకాక్, తర్వాత రెండు సమెట్, చివరిది మళ్లీ బ్యాంకాక్ అనుకున్నాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కుదురుతుందంటారా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ద్వీపం ఎంపిక బాగుంది, వరస మాత్రం మార్చండి. దిగీ దిగగానే సమెట్ వెళ్లిపోండి, బ్యాంకాక్‌ను చివరికి పెట్టుకోండి.

ఎందుకంటే సువర్ణభూమి ఎయిర్‌పోర్టు ఊరికి తూర్పున ఉంది. సమెట్‌కు పడవలు బయల్దేరే బాన్ ఫే అనే ఊరు, అదే రయోంగ్ జిల్లాలోది, ఇంకా ఆగ్నేయంగా ఉంటుంది. అంటే మీ ప్లాను ప్రకారం ముందు పడమటికి ఊళ్లోకి వెళ్లి, రెండు రోజులయ్యాక ఆ ట్రాఫిక్‌లో పడి మళ్లీ ఎయిర్‌పోర్టు వైపే వస్తారన్నమాట. పైగా హైదరాబాద్ ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి ఎక్కించి తెల్లవారుజామున దింపుతాయి, హోటల్ వాళ్లేమో మధ్యాహ్నం రెండింటిదాకా గది ఇవ్వరు, ఆ మధ్య సమయమంతా పిల్లాడితో, పెద్దావిడతో లాబీ సోఫాల మీద కూర్చునే బదులు కారులో నిద్రపోతే సరిపోతుంది. ఎయిర్‌పోర్టు నుంచి బాన్ ఫే కారులో రెండున్నర, మూడు గంటలు. ఆరింటికి దిగినా ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి ఎనిమిది, రేవు చేరేసరికి పదకొండు, ఒంటిగంటకల్లా ద్వీపంలో అన్నం తింటుంటారు. కారు ముందే మాట్లాడుకోండి, టోల్ కలిపి ఎంతో అడగండి, నాలుగు సూట్‌కేసులుంటే చిన్న కారు వద్దు. ఒక్క విషయం, మీ టికెట్ మీద డాన్ మువాంగ్ అని ఉందేమో చూడండి. అది ఊరికి ఉత్తరాన ఉన్న వేరే ఎయిర్‌పోర్టు, అక్కడినుంచైతే ఇంకో గంట కలుపుకోవాలి.

ఇంకో లాభం కూడా ఉంది. బ్యాంకాక్‌లో ప్రతూనాం బట్టల బజారులో కొన్న మూటలు పడవలో మోసుకెళ్లక్కర్లేదు. బ్యాంకాక్‌లో రెండు హోటళ్లు మారే బదులు మూడు రాత్రులూ ఒకేచోట ఉండొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, పడవ. బాన్ ఫేలో కారు దిగగానే స్పీడ్‌బోటు వాళ్లు చుట్టుముడతారు, పావుగంటలో దింపేస్తాం అంటారు. అది నిజమే. కానీ స్పీడ్‌బోటు చాలాసార్లు జెట్టీకి ఆనదు, ఇసుకకు కొంచెం ఇవతలే ఆగుతుంది, ఊగుతున్న పడవ అంచు నుంచి చిన్న నిచ్చెన మీదుగా మోకాలి లోతు నీళ్లలోకి దిగాలి, చెప్పులు చేత్తో పట్టుకుని, చీర ఎత్తిపట్టుకుని. మీ అత్తగారితో ఆ పని పెట్టుకోకండి. పెద్ద లాంచీ ఎక్కండి. అది ద్వీపంలో నా దాన్ అనే రేవులో సరైన జెట్టీకి ఆగుతుంది, అరగంట, ముప్పావుగంట పడుతుంది, టికెట్ కూడా స్పీడ్‌బోటు కంటే బాగా తక్కువ. లాంచీలు సాయంత్రం పెందలాడే ఆగిపోతాయి కాబట్టి చివరిది ఎన్నింటికో ముందు తెలుసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకోండి. చాలామంది హోటల్ బుక్ చేసేసి చివర్లో పడవ సంగతి చూస్తారు, చీకటి పడ్డాక స్పీడ్‌బోటు వాడు అడిగినంతా ఇస్తారు.

ద్వీపంలో ఆకుపచ్చ రంగు ట్రక్కులు తిరుగుతాయి, వెనకాల రెండు బెంచీలు ఎదురెదురుగా ఉంటాయి, మన షేర్ ఆటోలాగా. మెట్టు కాస్త ఎత్తు. ముందు సీట్లో పెద్దావిడను కూర్చోబెట్టమని అడగండి. స్కూటీ అద్దెకు తీసుకోవాలని మీవారికి మనసు పుడితే మాత్రం ఆపండి: ఎత్తుపల్లాల రోడ్లు, ఇంటర్నేషనల్ పర్మిట్ లేకపోతే ఇన్సూరెన్సూ పనిచేయదు.

బస సాయ్ కేవ్ బీచ్‌లో చూడండి. రేవుకు దగ్గర, ఇసుక పిండిలా తెల్లగా ఉంటుంది, తిండికి, మందులకు అన్నీ పక్కనే. రాత్రిళ్లు పాటలు, నిప్పుల ఆటలు ఉంటాయి, గది బార్లకు దూరంగా కావాలని ముందే చెప్పండి. నాకైతే దక్షిణాన ఉన్న వాంగ్ దువన్ ప్రశాంతంగా బాగుంటుంది కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లను అంత దూరం ట్రక్కులో కుదిపి తీసుకెళ్లడం ఎందుకు? సూర్యాస్తమయం కావాలంటే పడమటి వైపు ఆవ్ ఫ్రావ్ అనే తీరం ఉంది, ఒక సాయంత్రం వెళ్లి రండి.

సమెట్ 1981 నుంచి నేషనల్ పార్కులో భాగం. విదేశీయులకు ప్రవేశ రుసుం పెద్దలకు 200 బాత్‌లు, పిల్లలకు 100. రసీదు పారేయకండి, మళ్లీ అడుగుతారు. ఏటీఎంలు ఉన్నాయి గానీ విదేశీ కార్డుకు తీసిన ప్రతిసారీ 200 బాత్‌ల పైనే కోస్తారు, అవసరమైనంత ఒకేసారి తీసేయండి.

ఇంకా ముఖ్యం, శని ఆదివారాలు వద్దు. బ్యాంకాక్ వాళ్లకు వీకెండ్ వస్తే గుర్తొచ్చే ద్వీపం ఇదే, గదుల రేట్లు ఎగిరిపోతాయి. సోమవారం దిగేలా ఫ్లైటు చూసుకుంటే హాయి. థాయ్‌లాండ్‌లో దిగే ముందు మూడు రోజుల్లోపు థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపండి, నలుగురికీ విడివిడిగా. అది ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే మూసేయండి.

ప్రశ్న: మేమిద్దరం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. సమెట్‌లో తిండికి ఇబ్బందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కొంచెం ఇబ్బందే. కూరగాయల వేపుడు అని చెప్పి తెస్తారు, అందులో చేపల సాస్ ఉంటుంది, పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండురొయ్యలు పడతాయి. వాళ్ల దృష్టిలో అది మోసం కాదు, మనం ఉప్పు వేసినట్టు వేస్తారు. "వెజిటేరియన్" అని ఊరుకోకుండా "జే" అనండి. వాళ్ల దగ్గర మాంసం, చేప, గుడ్డు ఏదీ కలవని తిండిని అలా అంటారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపించిన కొట్టు దొరికితే మీ పంట పండినట్టే, కానీ బ్యాంకాక్‌లో ఉన్నన్ని ద్వీపంలో ఉండవు. తెల్లన్నం మాత్రం ఎక్కడైనా దొరుకుతుంది. గుంటూరు వాళ్లకు నేను చెప్పాలా? కందిపొడి, గోంగూర పచ్చడి చెకిన్ బ్యాగులో గట్టిగా ప్యాక్ చేసి పెట్టుకోండి. చేతి సామానులో పచ్చడి సీసా పెడితే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాలి.

ప్రశ్న: ఆఫీసు పని మీద బ్యాంకాక్ వెళ్తున్నాను, ఖాళీ ఒక్కరోజే. సమెట్ పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చా?
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రావచ్చు, కానీ ఎక్కువసేపు బస్సులోనే ఉంటారు. బ్యాంకాక్‌లో ఎక్కమై బస్‌స్టాండు నుంచి బాన్ ఫేకు బస్సులో మూడున్నర నాలుగు గంటలు, రావడానికి మళ్లీ అంతే. ఒక్కరోజుకైతే కో లాన్ వెళ్లండి, మన టూర్ ఏజెంట్లు కోరల్ ఐలాండ్ అని అమ్మేది దాన్నే. అదే ఎక్కమై నుంచి పట్టాయాకు రెండు గంటల పైచిలుకు, అక్కడ బాలీ హాయ్ రేవులో లాంచీ ఎక్కితే ముప్పావుగంట. ప్యాకేజీ అక్కర్లేదు. జెట్ స్కీ అద్దెకు తీసుకునేటట్టయితే ఎక్కకముందే చుట్టూ గీతలన్నీ వీడియో తీసుకోండి, అదీ యజమాని చూస్తుండగా.