పెన్సిల్ సెల్స్‌తో నడిచే వేప్.. పేలదు సరే, ఊపిరితిత్తుల మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 44. ఇరవై ఏళ్లుగా రోజుకు 12 సిగరెట్లు కాలుస్తున్నాను. ఆస్తమా ఉంది. ఇన్‌హేలర్‌తో పాటు రాత్రిపూట థియోఫిలిన్ మాత్ర వేసుకుంటాను. సిగరెట్ మానేద్దామని రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే వేప్ (ఈ-సిగరెట్) మొదలుపెట్టాను. లిథియం బ్యాటరీ కాదు కాబట్టి పేలదని, కొత్తవాళ్లకు ఇదే మంచిదని చెప్పారు. సిగరెట్లు మూడుకు తగ్గాయి. కానీ పది రోజులుగా గొంతు మంట, వికారం, గుండె దడ. ఆవిరి సరిగా రావడం లేదని 18 మిల్లీగ్రాముల నికోటిన్ లిక్విడ్‌కు మారాను. నిన్న సెల్స్ తీసి చూస్తే చివర్లో తెల్లటి పొడి కనిపించింది. దీన్ని వాడుతూ ఉండొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: ఆ పరికరాన్ని ఇక నోట్లో పెట్టుకోకండి. అంతకన్నా ముఖ్యం, ఈ రాత్రి థియోఫిలిన్ మాత్ర వేసుకునే ముందే దాన్ని రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడండి. ఎందుకో చెబుతాను.

సిగరెట్ పొగలోని తారు కాలేయంలో ఒక ఎంజైమ్‌ను బాగా పెంచుతుంది. థియోఫిలిన్‌ను విరిచి బయటికి పంపేది ఆ ఎంజైమే. అందుకే పొగతాగేవారికి ఈ మందు కాస్త ఎక్కువ మోతాదులో అవసరమవుతుంది. సిగరెట్లు తగ్గిస్తే కొద్ది రోజుల్లోనే ఎంజైమ్ మామూలు స్థితికి వచ్చేస్తుంది. మాత్ర మాత్రం పాత మోతాదులోనే పడుతుంటుంది కాబట్టి రక్తంలో మందు పేరుకుంటుంది. వికారం, దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం దాని లక్షణాలే. ఎంజైమ్‌ను పెంచేది పొగే, నికోటిన్ కాదు. కాబట్టి వేప్‌కు మారినా, పూర్తిగా మానేసినా ఈ మార్పు తప్పదు. రక్తంలో థియోఫిలిన్ ఎంత ఉందో పరీక్ష చేయించి డాక్టర్ మోతాదు తగ్గిస్తారు. భయపడి మళ్లీ సిగరెట్లు పెంచకండి. కాఫీలోని కెఫీన్‌ను విరిచేదీ అదే ఎంజైమ్. మునుపటిలాగే తాగుతుంటే దడ ఇంకా పెరుగుతుంది, సగానికి తగ్గించండి.

దడకు రెండో కారణం నికోటిన్. సిగరెట్ ఒకటి కాలిస్తే ఒంట్లోకి చేరేది సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. మీ లిక్విడ్ ఒక్క మిల్లీలీటరులోనే 18 మిల్లీగ్రాములు ఉంది. అదంతా రక్తంలోకి వెళ్లదు గానీ, సిగరెట్‌కు ఉన్నట్టు వేప్‌కు చివరంటూ ఉండదు. చేతిలో ఉన్నంతసేపూ పీలుస్తూనే ఉంటాం. పైగా మీరు మూడు సిగరెట్లు కూడా కాలుస్తున్నారు.

ఆవిరి తక్కువగా రావడానికి కారణం లిక్విడ్ కాదు, సెల్సే. మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రెండు కలిపితే 3. లిక్విడ్‌ను వేడిచేసే తీగచుట్ట (కాయిల్) నిరోధం 1.5 ఓమ్‌లు అనుకుంటే లెక్క ప్రకారం 6 వాట్ల వేడి పుట్టాలి. గోడ గడియారానికి, రిమోట్‌కు చాలా కొద్దిపాటి కరెంటు చాలు, కాయిల్‌కు ఏకంగా 2 ఆంపియర్లు కావాలి. అంత లాగేసరికి ఆల్కలైన్ సెల్ వోల్టేజీ పడిపోతుంది. 2.2కు దిగిందంటే వేడి 3.2 వాట్లే. లిక్విడ్ పూర్తిగా ఆవిరి కాదు. గొట్టంలో గురగురమంటుంది, వేడి చుక్కలు నాలుక మీద పడతాయి, గొంతు మండుతుంది. ఆవిరి చాలక ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు లాగుతాం. అదీ చాలక మీలాగే ఘాటు లిక్విడ్‌కు మారతారు. కొత్తవాళ్లకు మంచిదని చెప్పే ఈ పరికరాల్లో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే.

రీఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ 1.2 వోల్టులే అయినా ఎక్కువ కరెంటు లాగినా ఇంతగా పడిపోవు. కానీ ఆవిరి బాగా వచ్చినంత మాత్రాన ఊపిరితిత్తులకు మేలు జరగదు. లిక్విడ్‌లో ఉండే ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి హానికర రసాయనాలు పుడతాయి. కాయిల్ దగ్గర లిక్విడ్‌ను పీల్చుకుని ఉండే దూది ఎండిపోయి మాడువాసన వచ్చినప్పుడు మరీ ఎక్కువ. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం రేణువులూ ఆవిరిలో కలుస్తాయి. ఆస్తమా ఉన్న శ్వాసనాళాలు వీటికి త్వరగా బిగుసుకుంటాయి. ఏ సెల్ వేసినా ఇది మారదు.

పేలదన్న మాట కూడా సగమే నిజం. అచ్చంగా పెన్సిల్ సెల్ సైజులోనే 14500 అనే లిథియం అయాన్ సెల్ దొరుకుతుంది. నిండా ఛార్జ్ అయితే ఒక్కోటి 4.2 వోల్టులు. ఆవిరి పెరుగుతుందని కొందరు వీటినే రెండు వేసేస్తుంటారు. అదే కాయిల్ మీద 6 వాట్ల చోట 47 వాట్ల భారం పడుతుంది. దూది మాడుతుంది, సెల్ నిప్పంటుకునే ప్రమాదం ఉంది. దయచేసి ఆ ప్రయోగం చేయకండి.

ఇక ఆ తెల్లపొడి. ఆల్కలైన్ సెల్స్‌లో ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ ఘాటైన క్షారం. కారిన తర్వాత గాలి తగిలి తెల్లగా పేరుకుంటుంది. పాత సెల్‌కు కొత్తది జతచేసినా, ఒకటి తిరగేసి వేసినా, ఆల్కలైన్ సెల్‌ను ఛార్జర్‌లో పెట్టినా లోపల గ్యాస్ పుట్టి సీలు తెగుతుంది. టార్చిలైటుకైతే గ్లౌజు వేసుకుని తుడిచి వాడుకోవచ్చు, నోట్లో పెట్టుకునేదాన్ని పారేయడమే మంచిది. పొడి చేతికి అంటితే ధారగా పడే నీళ్ల కింద 15 నుంచి 20 నిమిషాలు కడగండి. ఒంటి మీద వెనిగర్, నిమ్మరసం రాయొద్దు. కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు నీళ్లతో కడిగి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

12 నుంచి మూడుకు తగ్గించగలిగారంటే పట్టుదల ఉన్నట్టే. నికోటిన్ ఉన్న వేప్‌లతో కొందరు సిగరెట్ మానగలుగుతున్నారన్నది నిజమే. కానీ ఆస్తమా ఉన్న మీకు పీల్చే అవసరం లేని మార్గాలే ముందు సూచిస్తాను. దడ తగ్గాక, డాక్టర్ సరేనంటే నికోటిన్ ప్యాచ్ మొదలుపెట్టండి. రోజుకు పదికి మించి కాల్చేవారికి సాధారణంగా 21 మిల్లీగ్రాములు ఆరు వారాలు, 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. మీరిప్పుడు మూడే కాలుస్తున్నా, వేప్ నికోటిన్ కూడా ఉంది కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టర్ నిర్ణయిస్తారు. రోజూ చోటు మార్చి, వెంట్రుకలు లేని చర్మం మీద అంటించాలి. మధ్యలో తపన పుడితే 2 మిల్లీగ్రాముల గమ్ ఒకటి. దాన్ని చూయింగ్ గమ్‌లా నమిలేస్తే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి. నాలుగైదుసార్లు నమిలి, చురుక్కుమనగానే చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచీ కాఫీ, పండ్లరసం తాగకూడదు. పులుపుకి నికోటిన్ బుగ్గలోంచి ఇంకదు. ఇవి చాలకపోతే సిగరెట్ తపన తగ్గించే వారెనిక్లిన్ మాత్ర ఉంది, కిడ్నీల పనితీరు చూసి రాస్తారు.

వాంతులు ఆగకపోయినా, నాడి నిమిషానికి 120 దాటినా, ఫిట్స్ వచ్చినా, ఛాతీలో నొప్పి, జ్వరంతో కూడిన ఆయాసం ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు మాత్రల షీటు, లిక్విడ్ సీసా వెంట తీసుకెళ్లండి. వేప్ వాడారని, థియోఫిలిన్ వేసుకుంటున్నారని అడగకముందే చెప్పండి. మిగిలిన లిక్విడ్‌ను ఇంట్లో ఉంచొద్దు. రెండు మూడు మిల్లీలీటర్లు మింగినా పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది.