లేజర్ మెషీన్ దగ్గర ఉద్యోగం మాన్పించాలా?

మావాడు ఈసీఈ డిప్లొమా చేశాడు. చర్లపల్లిలో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. బోర్డుల మీద లేజర్‌తో నంబర్లు వేసే మెషీన్ దగ్గర పెట్టారు. ‘ముద్రలు వేసే పనికి డిప్లొమా ఎందుకు, మానేసి అమీర్‌పేటలో కోర్సు చేస్తా’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కుషాయిగూడ

అమ్మా, ఇప్పుడే మాన్పించకండి. ఆ మెషీన్‌ని ఎస్ఎంటీ లైన్ (బోర్డుల మీద పార్టులు అమర్చి అతికించే మెషీన్ల వరుస) మొదట్లోనే ఎందుకు పెడతారో మీవాణ్ని అడగండి. పార్టులు అతికించే సోల్డర్ పేస్ట్ పడకముందే బోర్డుకు గుర్తింపు ఉండాలి. లేజర్ వేసే ఆ చిన్న గళ్ల చదరం, అంటే డేటా మ్యాట్రిక్స్ కోడ్, దానికి ఆధార్ లాంటిది. పార్టులు అమర్చేటప్పుడు, సోల్డర్ కరిగించే ఓవెన్ దాటాక తనిఖీలో, టెస్టింగ్‌లో దాన్నే స్కాన్ చేస్తారు. రెండేళ్లకు ఏ కారులోనో బోర్డు పాడై తిరిగొస్తే, అందులో ఏ రీలు (పార్టులు చుట్టి వచ్చే చుట్ట) నుంచి తీసిన కెపాసిటర్లు పడ్డాయో ఆ కోడ్‌తోనే వెతుకుతారు. కోడ్ చదవడానికి రాకపోతే వెతకడానికి దారే ఉండదు.

అది సరిగ్గా పడేలా చూడటంలోనే అసలు పనితనం. పవర్ ఎక్కువైతే బోర్డు మీది రంగు పూత, అంటే సోల్డర్ మాస్క్, కాలిపోయి కింది రాగి బయటపడుతుంది. తక్కువైతే మసగ్గా పడి కెమెరాకు అందదు. ఆకుపచ్చ బోర్డుకు కుదిరిన సెట్టింగ్ నల్ల బోర్డుకు కుదరకపోవచ్చు. ఈ పనికి సీఓ2 లేజర్ వాడకం ఎక్కువ, దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. వేడి తగలకూడదనుకున్న చోట 355 నానోమీటర్ల యూవీ లేజర్ వాడతారు. ఎక్కడ ఏది, ఎందుకు అని చెప్పగలిగిన కుర్రాణ్ని ప్రాసెస్ ఇంజినీర్లే పక్కన కూర్చోబెట్టుకుంటారు.

మీరు అడగలేదు గానీ, కళ్లకేమైనా అవుతుందేమోనన్న టెన్షన్ ఉండే ఉంటుంది. మెషీన్ తలుపు మూస్తేనే లేజర్ వెలిగేలా ఇంటర్‌లాక్ ఉంటుంది. టార్గెట్ కోసం దాన్ని బైపాస్ చేయమంటే మాత్రం, ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దనండి.

అమీర్‌పేట వద్దనడం లేదు. ఉద్యోగం చేస్తూనే ఆదివారాలు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లో సమాచారం వెతికే భాష) నేర్చుకోమనండి. ఆ కోడ్‌ల డేటా అంతా చేరేది ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌లోకే కాబట్టి, నేర్చుకున్నది మర్నాడే పనికొస్తుంది. బీటెక్ మీద మనసుంటే డిప్లొమా చేసినవాళ్లకుండే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు.

ఏడాది దాటాక కూడా సెట్టింగులు ముట్టుకోనివ్వకుండా, బోర్డులు పెట్టి తీయడానికే వాడుకుంటుంటే అప్పుడు మానేయమనండి. రావిర్యాల, మహేశ్వరం వైపు కూడా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ అడిగేటప్పుడు ‘లేజర్ దగ్గర చేశా’ అని ఊరుకోకుండా, తను సరిచేసిన ఒక్క సమస్యనైనా వివరంగా చెప్పాలి. అందుకోసం ఈరోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకోమనండి.