బయాప్సీకి ముందే బీమా సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 36. కూకట్‌పల్లిలో ఉంటాను, ఉద్యోగం మాదాపూర్‌లో. షటిల్ ఆడుతూ పడితే కుడి మోకాల్లో గుజ్జు కొంతమేర ఊడిపోయింది. నా కణాలనే ల్యాబ్‌లో పెంచి అమరుస్తామంటున్నారు డాక్టరు. ఆఫీసు బీమా 5 లక్షలు, ఎఫ్‌డీ 4 లక్షలు ఉన్నాయి. పాప చదువు కోసం కడుతున్న సిప్ డబ్బు తీసేయనా?

జవాబు: సిప్ జోలికి అప్పుడే వెళ్లకండి. ముందు తేలాల్సింది మీ బీమా సంగతి.

గుజ్జుకు రక్తనాళాలు ఉండవు కాబట్టి దెబ్బ తగిలితే తనంతట తాను మానదు. అందుకే చిన్న ముక్క తీసి (ఇదే బయాప్సీ), కణాలను కొన్ని వారాలు ల్యాబ్‌లో పెంచి, మళ్లీ ఆపరేషన్ చేసి అమరుస్తారు. స్వీడన్ డాక్టర్లు దీని ఫలితాలను 1994లోనే ప్రచురించారు. కణాలను పొర మీద పెంచి అమర్చే పద్ధతికి అమెరికాలో 2016 డిసెంబరులో అనుమతి వచ్చింది. అంటే నిన్నమొన్నటి ప్రయోగమేమీ కాదు. కాకపోతే ఆపరేషన్లు రెండు, మధ్యలో ల్యాబ్ బిల్లు. బయాప్సీ అయ్యాక ల్యాబ్ మీటరు తిరగడం మొదలవుతుంది. పెరిగిన కణాలు మీ డబ్బు సర్దుబాటయ్యే దాకా ఆగవు. కాబట్టి మూడు ఖర్చులకూ విడివిడిగా ఎస్టిమేట్ రాయించుకుని, బీమా కంపెనీ నుంచి ముందే రాతపూర్వక జవాబు తెప్పించుకోండి. ‘చూస్తాం లెండి సార్’ అని ఫోన్లో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక్కడో మెలిక ఉంది. కాగితం మీద ‘కణాలు’ అని కనబడగానే బీమా కంపెనీల్లో కొందరు దాన్ని స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స ఖాతాలో వేసేస్తారు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన, పాలసీలు కవర్ చేయాల్సిన ఆధునిక చికిత్సల జాబితాలో స్టెమ్ సెల్ అంటే రక్త జబ్బులకు చేసే మూలుగ మార్పిడి. మీకు వాడేవి గుజ్జు కణాలు, స్టెమ్ సెల్స్ కావు. ఈ మాట డాక్టరు చేత స్పష్టంగా రాయించండి. నిరూపణ కాని చికిత్సలకు పాలసీల్లో బీమా వర్తించదు, ఆ సాకు చెప్పినా ఈ ఉత్తరమే ఆధారం. ఇప్పుడు హడావిడిగా సొంత పాలసీ కొన్నా ఈ మోకాలికి పనికి రాకపోవచ్చు. ముందే ఉన్న సమస్యకు 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టే వీలు కంపెనీలకు ఉంది.

చాలామంది మరిచిపోయే ఖర్చు ఇంకోటి ఉంది. కొన్ని వారాలు చంకకర్రలు, నెలల తరబడి ఫిజియోథెరపీ. మాదాపూర్‌కు బండి మీద వెళ్లలేరు, రానూపోనూ క్యాబే. సెలవులు అయిపోతే జీతం కోత. అందుకే ఎఫ్‌డీలో లక్షన్నర ఇంటి ఖర్చుకని పక్కన పెట్టి, మిగతాది మాత్రమే చికిత్సకు లెక్కేసుకోండి. వర్క్ ఫ్రమ్ హోమ్ ఎన్ని వారాలిస్తారో మేనేజర్‌ను ఇప్పుడే అడగండి.

ఈ చికిత్స ఒకచోట దెబ్బతిన్న గుజ్జుకే. మోకాలంతా అరిగితే సాధారణంగా చేయరు. మీది ఏ రకమో ఇంకో ఎముకల డాక్టరుకు కూడా ఎంఆర్ఐ చూపించండి. కంపెనీ కాదంటే ఆ లెటరు, ఎస్టిమేట్ నాకు పంపండి. ఎఫ్‌డీ, ఆపైన పీఎఫ్ అడ్వాన్స్ చూశాకే పాప డబ్బు మాట.