నాలుగేళ్లు వేస్ట్ చేశానా మేడం?

ప్రశ్న: మేడం, నాకు 27 ఏళ్లు. మాది నల్గొండ దగ్గర ఊరు. బీటెక్ అయ్యాక 2021లో హైదరాబాద్ అశోక్ నగర్ వచ్చి హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్‌కి, అంటే తెలంగాణ సర్కారు ఉద్యోగాల పరీక్షలకి, ప్రిపేర్ అవుతున్నా. టెన్త్‌లో ఉన్నప్పుడు మా తాత పింఛన్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగాడు, అప్పట్నుంచి డిప్యూటీ కలెక్టర్ అవ్వాలని. 2024 గ్రూప్-1 మెయిన్స్ రాశా, రాలేదు. గ్రూప్-2 కూడా పోయింది. రోజూ 14 గంటల టైమ్‌టేబుల్ వేసుకుంటా, ఒక్క రోజూ పూర్తి కాదు, పూర్తి కాని రోజు రాత్రి మెస్‌కి వెళ్లను, అది నాకు నేను వేసుకున్న పనిష్‌మెంట్. బతుకమ్మకి కూడా ఊరెళ్లట్లేదు. నాన్న నెలనెలా డబ్బులు పంపుతుంటే సిగ్గుగా ఉంది. నాలుగేళ్లు వేస్ట్ చేశానా? వదిలేయాలా, ఇంకా కష్టపడాలా?

జవాబు: ముందు మెస్ సంగతి తేలుద్దాం తల్లీ. ఇవాళ్టి నుంచి ఆ పనిష్‌మెంట్ బంద్. రాత్రి తినకుండా పడుకుంటే పొద్దున రీడింగ్ రూమ్‌లో పదింటికే తల తిరుగుతది, ఆ రోజు టార్గెట్ కూడా పోతది, మళ్లీ రాత్రి అన్నం బంద్, ఇట్లా ఎన్ని రోజులు? పైగా మెస్‌కి నెల డబ్బులు ముందే కట్టేసి ఉంటావు, అంటే నువ్వు వదిలేస్తున్నది మీ నాన్న కొన్న అన్నమే.

ఇక నాలుగేళ్లు వేస్ట్ అన్నావు కదా, లెక్క చూద్దాం. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబర్‌లో ప్రిలిమ్స్, అంటే మొదటి వడపోత పరీక్ష, అయింది, పేపర్ లీకయిందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో ఇంకోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. గ్రూప్-2 కథ ఇంకా ఘోరం, 783 పోస్టులకి 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 డిసెంబర్‌లో పరీక్ష పెట్టారు. ఇందులో నీ బద్ధకం ఎక్కడుందో చూపించు. చిక్కడపల్లి లైబ్రరీలో నీ పక్కన కూర్చున్నవాళ్లందరికీ ఇవే ఏళ్లు ఇట్లాగే పోయినయ్, వాళ్లని చూసి నువ్వు జాలిపడతావు గానీ నిన్ను మాత్రం తిట్టుకుంటావు.

అట్లాగని అంతా పరీక్షలు పెట్టే కమిషన్ మీదకే తోసెయ్యమనట్లేదు. మెయిన్స్ నువ్వు రాశావు, ఆరు పేపర్లు, ఒక్కోటి 150, మొత్తం 900. ఎక్కడ తగ్గిందో పేపర్ వారీగా పెట్టుకుని చూశావా? నా దగ్గరికి వచ్చే మెయిన్స్ పిల్లల్లో చాలామంది రోజంతా చదువుతారు, టైమ్ పెట్టుకుని ఒక్క ఆన్సర్ కూడా రాయరు, మూడు గంటల పేపర్‌లో చివరి ప్రశ్నలు గీకి వచ్చేస్తారు. నీదీ అదే అయితే అది దిద్దుకునే తప్పు. "నేను పనికిరాను" అనుకుంటూ కూర్చుంటే ఆ తప్పు కనపడనే కనపడదు, నాకు నీ పరిస్థితిలో అసలు భయం వేసేది అక్కడే.

మన మెట్‌పల్లి అబ్బాయి దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశానికే ఫస్ట్ ర్యాంక్ కదా, ఆయనకొచ్చిన మార్కులు 2025కి 1126. అంటే 55 శాతం చిల్లర. అది కూడా ఐదో అటెంప్ట్‌లో, ఐఆర్ఎస్, అంటే కేంద్ర పన్నుల శాఖ, ఉద్యోగంలో ఉంటూ. దేశంలో ఫస్ట్ వచ్చినాయనకే నూటికి 55 వచ్చే రకం పరీక్షలకి చదువుతూ నువ్వు మాత్రం 14కి 14 గంటలు రాలేదని పస్తులుంటున్నావు!

ఆ టైమ్‌టేబుల్ చింపెయ్. ఒక వారం ఏమీ మార్చకుండా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిజంగా చదివిన టైమ్ మాత్రమే రాయి, టీ కొట్టు దగ్గర కటాఫ్ చర్చలు, టెలిగ్రామ్ గ్రూపులు చూసిన టైమ్ తీసేసి. ఆరో ఏడో గంటలు వస్తది, నేను చూసినంతలో అందరికీ అంతే. ఆ అంకె చూసి ఏడవొద్దు, టైమ్‌టేబుల్ దాని మీదే కట్టు, అందులో రెండు గంటలు రాయడానికే పోవాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచి పుస్తకం ముట్టకు. బతుకమ్మకి కనీసం సద్దులకైనా ఊరెళ్లు. "ఏమైందే నీ జాబు" అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగనీ, "ఇంకోసారి రాస్తున్నా పెద్దమ్మా, ఈలోపు జాబ్ కూడా చూసుకుంటున్నా" అని చెప్పి పూలు పేర్చుకో.

జాబ్ మాట ఊరికే అనలేదు. 2024లో గ్రూప్-1కి వయసు 46 దాకా పెంచారని అశోక్ నగర్‌లో చాలామంది ధీమాగా ఉన్నారు, నా దృష్టిలో అది వరం కాదు, పెద్ద ఉచ్చు. ఇంకొక్క అటెంప్ట్ గట్టిగా ఇవ్వు, కానీ నీ ఖర్చులు నువ్వు సంపాదించుకుంటూ. బీటెక్ పిల్లవి, రోజుకి మూడు గంటలు ట్యూషన్లు చెప్పుకున్నా మెస్, రూమ్ ఖర్చులో కొంత వెళ్తది. గ్రూప్-3, గ్రూప్-4 పడితే చిన్నచూపు చూడకుండా రాయి, గ్రూప్-3 మూడు పేపర్లూ చాలావరకు నువ్వు చదివిన చదువే.

ఇంకో విషయం. మీ తాత తిరిగింది ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ కాదు. గ్రూప్-2లో నాయబ్ తహసీల్దార్ పోస్టు ఉంది, ఆ పోస్టులో పనిచేసేది ఎమ్మార్వో ఆఫీసులోనే, అక్కణ్నుంచి ప్రమోషన్ల మీద తహసీల్దార్, అంటే ఎమ్మార్వో, తర్వాత డిప్యూటీ కలెక్టర్ అయినవాళ్లు బోలెడుమంది. లేటవుతది, నిజమే. కానీ గ్రూప్-2ని ఓడిపోయినవాళ్ల పరీక్షలా చూడటం మానెయ్, ఈసారి దానికి కూడా గ్రూప్-1 అంత సీరియస్‌గా కూర్చో.

నిద్ర పట్టకపోవడం, ఎందుకు బతకాలి లాంటి ఆలోచనలు ఏమైనా ఉంటే మాత్రం నా జవాబు కోసం చూడకుండా సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడే పనేం కాదు, నేను చాలామందితో చేయించాను.

నాన్నకి ఈ వారమే ఫోన్ చేసి ఇంకా ఎన్నాళ్లు రాస్తావో, వచ్చే నెల నుంచి ఎంత తక్కువ పంపితే సరిపోతదో అంకెలతో చెప్పు. ఆయన ఏమన్నారో, మెయిన్స్ పేపర్ వారీ మార్కులెంతో రెండూ నాకు రాసి పంపు, ఏ పేపర్‌కి వారంలో ఎన్ని ఆన్సర్లు రాయాలో అప్పుడు కూర్చుని చూద్దాం.