పోర్టికోలో టర్బో, ఖాతాలో 23 వేలు

తిరుపతి నుంచి ఓ పాఠకుడు పంపిన ఉత్తరం సారాంశం: "నా వయసు 34. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ప్రొడక్షన్ ఇంజినీర్‌ని. చేతికి నెలకు 62,000 వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప. అమ్మానాన్న పాకాల దగ్గర ఊళ్లో ఉంటారు. రెండేళ్ల కిందట బెంగళూరులో 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నాను. దాని పనులన్నీ ఇంటి దగ్గర నేనే చేసుకుంటాను. ఇప్పుడు టర్బో (ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టి పవరు పెంచే భాగం) పోయింది. టర్బో, క్లచ్ కలిపి 1,60,000. టైమింగ్ బెల్ట్, బ్రేకులు, బుష్‌లు 65,000. ఎలాగూ విప్పాను కాబట్టి డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను బయటికి పంపే పైపు) మార్చి, రీమ్యాప్ (పవరు పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) కూడా చేయిద్దామనుకుంటున్నాను, దానికి 75,000. యాప్‌లో మూడు లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి ఇస్తామంటున్నారు. అది తీసుకోనా, మా ఆవిడ నగలు కుదువ పెట్టనా, చీటీ పాడనా, పీఎఫ్ తీయనా? ఏది చవక?"

ఇలాంటి ఉత్తరాలు బుల్లెట్ల మీద, పాత జీపుల మీద, కెమెరా లెన్సుల మీద కూడా వస్తుంటాయి. ఏ అప్పు చవక అని అందరూ అడుగుతారు. అసలు అప్పు దాకా ఎందుకొచ్చాం అని ఒక్కరూ అడగరు. మీ ఉత్తరంలో బండి గురించి రెండున్నర పేజీలు రాశాక, చివర్లో ఎక్కడో "సేవింగ్స్ ఖాతాలో 23,000 ఉన్నాయి" అని ఒక ముక్క పడేశారు. నేను జవాబు రాస్తున్నది ఆ ముక్కకే.

మీరిచ్చిన లెక్కే తీసుకుందాం. ఇంటి అద్దె 11,000. పెట్రోలుతో కలిపి ఇంటి ఖర్చు 18,000. అమ్మానాన్నకు 8,000. పాప స్కూలు, వ్యాను 4,500. చీటీ 10,000. టూల్స్, కాయిలోవర్లు (బండి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకబ్జార్బరు సెట్టు) కొన్నందుకు క్రెడిట్ కార్డు ఈఎంఐ 6,400. మొత్తం 57,900. మిగిలేది 4,100, అదీ నెల తిరిగేలోపు ఏదో ఒక పార్టు ఆర్డరు కింద పోతోందని మీరే రాశారు. ఈ నెలాఖరుకు జీతం పడకపోతే మీ ఇల్లు పన్నెండు రోజులు నడుస్తుంది. పదమూడో రోజు ఎవరినో చేబదులు అడగాలి.

ఇక ఆ లోను సంగతి. మూడు లక్షలు, 14 శాతం, మూడేళ్లు. ఈఎంఐ 10,253 అవుతుంది. మీ దగ్గర మిగిలేది 4,100. మిగతా ఆరు వేలు ఎక్కడి నుంచి తెస్తారో మీరు రాయలేదు, "ఏప్రిల్లో ఇంక్రిమెంట్ ఉంటుంది" అని మాత్రం రాశారు. రాని ఇంక్రిమెంటును నమ్ముకుని ఈఎంఐకి సంతకం పెట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను. మూడేళ్లలో వడ్డీగా పోయేది 69 వేల పైచిలుకు. అంటే మీ బెల్ట్, బ్రేకులు, బుష్‌ల ఖర్చు కంటే ఎక్కువ. పైగా ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటారు, ఎంతో మీరు అడిగినట్టు లేరు. పోనీ దీనికి సరిపడా ఆస్తి పుడుతోందా అంటే అదీ లేదు. ఇరవై ఏళ్లు దాటిన ఈ కారును ఏ బ్యాంకూ తాకట్టుగా తీసుకోదు. అందుకే కదా మీరు కారు లోనుకు కాకుండా యాప్ లోనుకు వెళ్లింది! యాప్ వాడు అప్పిస్తున్నది మీ కారును చూసి కాదు, మీ జీతాన్ని చూసి.

మీ పనితనాన్ని తక్కువ చేయడం లేదు. మీరు పంపిన ఫోటో చూశాను. పోర్టికోలో బండి నాలుగు స్టాండ్ల మీద ఉంది, విప్పిన టర్బో మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంది, ఏ బోల్టు ఎక్కడిదో తెలిసేలా పాత ఇడ్లీ రేకు గుంటల్లో సర్ది, పక్కన మార్కరుతో నంబర్లు వేశారు. ఇంత పద్ధతి డబ్బు దగ్గర ఏమైందన్నదే నా బాధ. "ఇంట్లో చేసుకుంటాను కాబట్టి రెండేళ్లలో లేబరు ఎనభై వేలు మిగిలింది" అని రాశారు. సరే, ఆ ఎనభై వేలు ఎక్కడున్నాయి? ఖాతాలో లేవు. కాయిలోవర్లుగా, టార్క్ రెంచిగా, స్కానరుగా మారాయి. మిగిలిన డబ్బు ఖాతాలో కనపడకపోతే అది మిగిలినట్టు కాదు, మరోచోట ఖర్చయినట్టు. ఇంట్లో రిపేరు చేసుకునే వాళ్లందరికీ ఒకే మాట చెబుతాను: గ్యారేజీ వాడైతే ఎంత అడిగేవాడో, ఆ లేబరు మొత్తం పని అయిన రోజే వేరే ఖాతాలోకి పంపేయండి. అప్పుడే అది మిగులు.

రెండో గొయ్యి "ఎలాగూ విప్పాం కదా" అనే మాట. కొన్నిసార్లు అది న్యాయమే. మీ 1.8 టర్బో ఇంజిన్లో వాటర్ పంపును తిప్పేది కూడా టైమింగ్ బెల్టే, కాబట్టి బెల్ట్ మార్చినప్పుడు పంపు, టెన్షనర్ కలిపి మార్చాల్సిందే. బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి, సిలిండరుకు ఐదు చొప్పున ఇరవై వాల్వులున్న హెడ్డు అది, బిల్లు ఎంతవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాగే పాత టర్బో ఎందుకు పోయిందో చూడకుండా, ఆయిల్ ఫీడ్ పైపు, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోని స్ట్రైనరు (జల్లెడ) శుభ్రం చేయకుండా కొత్తది బిగిస్తే అది కూడా అదే దారి పడుతుంది. ఇవి ఖర్చు తగ్గించే పనులు. రీమ్యాప్ ఆ కోవలోది కాదు. కంపెనీ ఇచ్చిన 150 హార్స్‌పవరు చాలక ఇంకొంచెం పిండితే, ఆ అదనపు టార్క్ ముందుగా పడేది క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద. ఒక రిపేరుకు డబ్బు లేక అప్పు వెతుకుతూ, అదే ఊపులో ఇంకో రిపేరును కొనుక్కుంటున్నారు. (అంత పవరు పెట్టుకుని కూడా అలిపిరి నుంచి కొండ మీదికి 28 నిమిషాల లోపు చేరితే జరిమానా కట్టాల్సిందే. శ్రీపెరుంబుదూరు దగ్గరి ట్రాకుకు తీసుకెళ్తానంటారేమో, రేసింగులో, స్పీడు టెస్టుల్లో జరిగిన నష్టానికి మోటారు పాలసీ వర్తించదు.)

ఇప్పుడు నా పాత పాట. ఎమర్జెన్సీ ఫండ్ లేకుండా పాత కారు పెట్టుకోకూడదు. అంతకంటే ముఖ్యం, ఆ ఫండును కారు ముట్టుకోకూడదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. ఇరవై ఏళ్ల టర్బో పోవడం ఆపద కాదు. పోతుందని కొన్న రోజే తెలుసు, తేదీ ఒక్కటే తెలియదు. అలాంటి ఖర్చుకు నెలనెలా విడిగా పోగేయాలి. ఆపద అంటే మీ ప్లాంటులో ఓ లైను ఆగిపోయి మీ కాంట్రాక్టు రెన్యూ కాకపోవడం. నాన్నగారిని పాకాల నుంచి అర్ధరాత్రి స్విమ్స్ ఆసుపత్రికి తీసుకురావాల్సి రావడం. జాకీ జారి మీ కుడిచెయ్యే నలిగితే, మూడు నెలలు అటు ఉద్యోగమూ ఇటు రిపేరూ రెండూ బంద్ కావడం. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎప్పుడూ అలాగే పడుతుంది. ఈ మూడింట్లో ఏది వచ్చినా ఆ రోజు మీ చేతిలో 23,000, నెత్తిన రెండు ఈఎంఐలు ఉంటాయి. అప్పుడు కారు అమ్ముదామంటే, సగం విప్పి స్టాండ్ల మీదున్న బండికి తుక్కు ధరే పలుకుతుంది.

మీ ఇంటికి ఎంత కావాలి? చీటీ, కార్డు ఈఎంఐ తీసేస్తే తప్పనిసరి ఖర్చు 41,500. ప్రైవేటు ఉద్యోగం, మీ మీద ఆధారపడ్డ నలుగురు. ఆరు నెలలకు తగ్గకూడదు. 2,49,000. ఎఫ్‌డీలో కొంత, ఒక్క రోజులో తీయగలిగే చోట కొంత పెట్టండి. షేర్లలో పెట్టొద్దు, స్నేహితుడికి అప్పివ్వొద్దు, గ్యారేజీలో పార్టుల రూపంలో అసలే వద్దు.

ఇన్సూరెన్స్ గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంది, కంపెనీ ఇచ్చిన మూడు లక్షల గ్రూప్ హెల్త్ పాలసీ అని. ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా, లేదు. జాకీ మీద లేపిన టన్నుకు పైగా బరువు కింద ప్రతి ఆదివారం పడుకునే మనిషికి, నాలుగేళ్ల బిడ్డ తండ్రికి, టర్మ్ పాలసీ లేదు! 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాలపై జీఎస్టీ కూడా లేదు. ఆ సాకూ పోయింది. కోటి రూపాయల టర్మ్, దానితోపాటు వైకల్యానికీ పని చేయలేని వారాలకూ డబ్బిచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ, ఈ రెండూ కారు మీద ఇంకో రూపాయి పెట్టకముందే కావాలి. సొంతంగా ఒక ఫ్యామిలీ హెల్త్ పాలసీ ఆ తర్వాత. కారుకు థర్డ్ పార్టీ మాత్రమే ఉందన్నారు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని కాలనీలు నీళ్లలో మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ మీ బండిలోకి చేరిన నీళ్లకు పైసా ఇవ్వదు. ఆ నష్టం మీదే అని లెక్కలో రాసుకోండి.

మిగతా దారులు త్వరగా తేల్చేద్దాం. నగలు మీ ఆవిడవి. బ్యాంకులో బంగారం మీద వడ్డీ తక్కువే కావచ్చు, కానీ ఇంట్లో నిజమైన ఆపదకు మిగిలిన ఆఖరి ఆధారం అదొక్కటే. పీఎఫ్ జోలికి వెళ్లకండి. చీటీ మాత్రం కాస్త ఆగి మాట్లాడాల్సిన విషయం. మూడు లక్షల చీటీ, ముప్పై నెలలు, పద్దెనిమిది అయిపోయాయి. ఇప్పుడు పాడితే 2,35,000 చేతికొస్తుందన్నారు. ఆఖరిదాకా ఆగితే, కమీషన్ చట్టం ఒప్పుకునే గరిష్ఠ 7 శాతమే అనుకున్నా 2,79,000 వస్తుంది. టర్బోకు తొందరపడినందుకు 44,000 వదులుకోవడం అన్నమాట. అది రిజిస్టర్ అయిన చీటీయేనా, తెలిసినవాళ్లు ఇంట్లో నడిపేదా? రెండోదైతే మాత్రం నా సలహా మారుతుంది. నష్టానికైనా పాడి బయటపడండి, ఆ డబ్బు మొత్తం ఎఫ్‌డీలో వేయండి.

రిజిస్టర్ అయినదే అనుకుని లెక్క చెబుతాను. పార్టుల ఆర్డర్లు ఈ రోజుతో ఆపండి. కార్డు ఈఎంఐ ఇంకో ఏడు నెలలు, అప్పటిదాకా నెలకు 4,100 చొప్పున 28,700. తర్వాత అయిదు నెలలు 10,500 చొప్పున 52,500. ఉన్న 23,000, చీటీ 2,79,000 కలిపితే ఏడాది తిరిగేసరికి 3,83,200. అందులో 2,49,000 ఇంటి ఫండ్. మిగిలిన 1,34,200 లోంచి బీమా ప్రీమియాలు పోగా వచ్చేది కారుది. ఆపై చీటీ, ఈఎంఐ రెండూ ఉండవు, నెలకు 20,500 మిగులుతుంది. రెండో ఏడాదిలో టర్బో, క్లచ్ రెండూ అప్పు లేకుండా అయిపోతాయి. కాయిలోవర్లకు మంచి ధర వస్తే అమ్మేయండి, ఏడు నెలల ఈఎంఐ ముందే తీరుతుంది. టర్బో కోసం చెన్నైలో పాత పార్టులమ్మే పుదుపేట తిరగడానికి కావలసినంత సమయమూ దొరుకుతుంది, అయితే అక్కడ కొన్న పాత టర్బోకు గ్యారంటీ ఉండదని తెలిసే బేరమాడండి.

ఒక్క ఖర్చు మీరు జాబితాలో రాయలేదు. బండి ఇంకా కర్ణాటక నంబరు మీదే ఉంది. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, అంటే బెంగళూరు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ ట్యాక్సు. మీకు రెండేళ్లయింది. పదిహేనేళ్లు దాటిన కారు ఆర్‌సీని అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి, ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టు నుంచి ఆ ఫీజు 10,000. మీ ఆర్‌సీ గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే తీసి చూడండి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేని డౌన్‌పైప్‌తో ఫిట్‌నెస్‌కు వెళ్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. 75,000 పెట్టి కొనుక్కోవాల్సిన తలనొప్పి కాదిది.

బండిని ఏడాది పాటు అలాగే విప్పి ఉంచవచ్చా అని చివర్లో అడిగారు. వద్దు. గుడ్డ తీసేసి, ఇన్‌టేక్‌కూ ఎగ్జాస్టుకూ సరైన మూతలు బిగించండి, ఎలుకలు రాకుండా చూసుకోండి. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టండి. బోల్టులు ఇడ్లీ రేకులోంచి పేర్లు రాసిన కవర్లలోకి మార్చండి. పాత టర్బోతో స్టార్ట్ చేసి చూద్దామని మాత్రం అనుకోకండి. చీటీ పాస్‌బుక్కు మొదటి పేజీ ఫోటో, ఆర్‌సీ ఫోటో నాకు పంపండి, మిగతాది అవి చూశాక చెబుతాను.