బోరు మోటారుకు రేడియో మాడ్యూల్ పెట్టబోయే మేనల్లునికి

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పర్వతగిరి పొలంలో బోరు మోటారును ఆ ఊళ్లోని ఇంటి నుండే నడపాలని ఉందని, ఏ రేడియో మాడ్యూల్ కొనాలో చెప్పమని అడిగావు. మాడ్యూల్ ఎంపిక ఒక పూటలో తేలిపోయే విషయం. దానికి కరెంటు ఎలా అందిస్తావు, రేడియోలో పంపిన మాట అందని రోజున మోటారు ఏం చేయాలి అన్నవే నిన్ను నెలల తరబడి సతాయిస్తాయి.

ముందుగా బల్ల మీద చేయి తిరగడానికి ఎన్ఆర్ఎఫ్24ఎల్01 ప్లస్ జత ఒకటి తీసుకో, ఇది వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోనే నడిచే చిన్న రేడియో మాడ్యూల్. పేరు చివర ప్లస్ ఉన్నదే కావాలి, ఎందుకంటే సెకనుకు 250 కిలోబిట్ల నెమ్మది వేగం దానిలోనే ఉంది, ఆ వేగంలోనే అది బలహీనమైన సిగ్నల్‌ను కూడా పట్టుకుంటుంది. ఇది 1.9 నుండి 3.6 వోల్టుల మధ్య నడుస్తుంది. సిగ్నల్ పిన్నులు 5 వోల్టులను ఓర్చుకుంటాయి గాని, సప్లై పిన్నుకు 5 వోల్టులు తగిలితే చిప్ పోయినట్టే. యాంటెన్నా బిగించుకునే పెద్ద రకమైతే పంపే క్షణంలో 100 మిల్లీఆంపియర్లకు పైగా లాగుతుంది, దాన్ని నడిపే ఆర్డుయినో నానో ప్రోగ్రాము బోర్డు మీద ఉన్న 3.3 వోల్టుల పిన్ను అందులో సగం ఇవ్వడమే కష్టం. అందువల్ల సెట్టింగులన్నీ సరిగ్గానే కనబడతాయి, పంపబోయేసరికి మాత్రం మాట పోతుంది. మాడ్యూల్ మీద వేలు పెడితే పనిచేసి, వేలు తీస్తే ఆగిపోతుంటే ప్రోగ్రామును తిరగరాయకుండా సప్లైని చూడు. హైదరాబాదు కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే గుజరాతీ గల్లీలో నకిలీ సరుకు అంటగట్టారని తిట్టుకునేవారిలో చాలామంది ఈ పరీక్ష చేసి ఉండరు. నకిలీలు ఉన్న మాటా నిజమే అనుకో. 5 వోల్టుల నుండి ఏఎంఎస్1117 అనే వోల్టేజీ తగ్గించే రెగ్యులేటరుతో విడిగా 3.3 వోల్టులు తీసి, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను మాడ్యూల్ సప్లై, గ్రౌండ్ కాళ్లకే సోల్డర్ చెయ్యి. బ్రెడ్‌బోర్డులో, అంటే సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే పలకలో, ఎక్కడో దూరాన గుచ్చిన కెపాసిటర్ ఉన్నా లేనట్టే.

ఛానల్ విషయంలో ఎవరో రాసిన ప్రోగ్రామును ఉన్నదున్నట్టు దించుకోవద్దు. వైఫైకి దూరంగా ఉండాలని చాలామంది 100కు పైబడిన ఛానల్ పెడతారు. ఛానల్ సంఖ్యను 2400కు కలిపితే వచ్చేదే మెగాహెర్ట్జ్‌లలో దాని ఫ్రీక్వెన్సీ. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగినది 2483.5 వరకే కనుక 82 దాటకపోవడం మంచిది. హనుమకొండలో మీ అపార్టుమెంటు వైఫై 11వ ఛానల్‌లో ఉన్నా అది 2473 దగ్గర ముగుస్తుంది, కాబట్టి 76 నుండి 82 వరకు నీకు చోటు దొరుకుతుంది.

పొలానికి మాత్రం లోరా తీసుకో, అది తక్కువ కరెంటుతో చిన్న మాటలను చాలా దూరం పంపే రేడియో పద్ధతి. అమెరికా వాడుకకు చేసిన 915 మెగాహెర్ట్జ్ రకం చవకగా వచ్చినా వద్దు, ఎందుకంటే ఇక్కడ ఆ చుట్టుపక్కలంతా మొబైల్ కంపెనీల 900 బ్యాండు. ఎస్ఎక్స్1276 చిప్ ఉన్న 868 రకాన్ని కొని, 2005లోనే లైసెన్సు మినహాయింపు పొందిన 865–867 మధ్య ఫ్రీక్వెన్సీ పెట్టుకో. దీని సిగ్నల్ పిన్నులు 5 వోల్టులకు తట్టుకోవు కనుక ఈఎస్‌పీ32 వంటి 3.3 వోల్టుల బోర్డుతో జతచెయ్యి. సుమారు 8.6 సెంటీమీటర్ల నిటారు తీగ యాంటెన్నాగా సరిపోతుంది. అది బిగించకుండా ఒక్కసారి కూడా పంపకు, చిప్ కాలిపోవచ్చు. రేకు స్టార్టర్ డబ్బాలో మాడ్యూల్‌ను మూసిపెడితే సిగ్నల్ బయటకు రాదు. యాంటెన్నాను గుంజ మీదికి ఎక్కించు, ఎత్తు కూడా మొక్కజొన్న తలదాటేలా ఉండాలి, నీరు నిండిన ఆకులు సిగ్నల్‌ను తాగేస్తాయి. నాట్లప్పుడు అందిన దూరాన్ని నమ్ముకోకుండా పైరు ఏపుగా ఉన్నప్పుడు మళ్లీ కొలువు.

ఇక మోటారు. "ఆపు" అన్న మాట పంపితేనే ఆగేటట్టు ఎన్నడూ కట్టకు. ఇంటి వైపు నుండి నిమిషానికొకసారి "నడువు" అని పంపుతూ ఉండాలి. ఐదు నిమిషాలు ఆ మాట వినబడకపోతే పొలం వైపు బోర్డు తనంతట తానే మోటారును ఆపాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఆగిన స్థితి నుండే మొదలుకావాలి. మాట అందినట్టు మాడ్యూల్ జవాబిచ్చిందంటే బోర్డుకు అందినట్టే గాని, నీళ్లు పోసినట్టు కాదు. మోటారు నిజంగా తిరుగుతున్నదా అన్నది తెలియాలంటే ఒక ఫేజు వైరుకు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, అంటే వైరులో పారే కరెంటును కొలిచే చిన్న రింగు, తొడిగి, ఆ కొలతను ఇంటికి పంపించు.

బోర్డు మాట మీద స్విచ్చిలా పనిచేసే, నీ దగ్గరున్న నీలం రంగు చిన్న రిలే మీద 250 వోల్టులని అచ్చువేసి ఉంటుంది, చూడు. మన స్టార్టర్ కాయిళ్లకు చాలాచోట్ల రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు వస్తాయి. ఆ రిలేను నేరుగా పెట్టక, దానితో 415 వోల్టులకు తగిన కాంటాక్టులున్న మరో కాంటాక్టరును, అంటే పెద్ద రిలే వంటి స్విచ్చిని, నడిపించు. ఆ భాగం ఫ్యూజులు తీయించి ఎలక్ట్రీషియన్ చేతనే చేయించు, పచ్చ, ఎరుపు బటన్లు ఎప్పటిలా పనిచేసేటట్టు ఉంచమని అతనికి ముందే చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య
హనుమకొండ